‘మిస్టరీ ట్రైన్’ నాలుగుసార్లు వినండి, తర్వాత రాయండి

చదివేవాళ్ళ కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. ఏడాదిగా ఎల్విస్ ప్రెస్లీ, కార్ల్ పెర్కిన్స్, జెర్రీ లీ లూయిస్ లాంటి 1950ల అమెరికన్ గాయకుల్ని వింటున్నారు. పాత రాకబిలీ (బ్లూస్, కంట్రీ కలిసి పుట్టిన తొలినాటి రాక్), రాక్ అండ్ రోల్ రికార్డులు కొనడం మొదలుపెట్టారు. వాటి మీద రివ్యూలు రాయాలని ఉంది. వాయిద్యం ఏదీ రాదు, స్వరజ్ఞానం లేదు. ఎల్విస్ సన్ రికార్డ్స్ కంపెనీకి పాడిన రోజుల పాటల మీద ఒక రివ్యూ రాసి స్నేహితుడికి చూపిస్తే, "ఇందులో ఎల్విస్ పేరు తీసేసి ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది" అన్నాడు. తప్పెక్కడుంది, సంగీతం నేర్చుకోకుండా రాయొచ్చా అని అడిగారు.

మీ స్నేహితుడు చెప్పింది కరెక్టే. అలాగని బెంగ పెట్టుకోకండి. నేను ఇరవై ఏళ్ళుగా ఈ రికార్డుల మీద రాస్తున్నాను, ఇప్పటికీ గిటార్ పట్టుకోవడం రాదు. మొదట్లో నేను రాసినవి మీవాటికంటే ఘోరంగా ఉండేవి. ఒకటి కింద చెప్తాను, నవ్వుకుందురుగాని.

మీరు రాసిందాంట్లో నాలుగు వాక్యాలు ఇవి: "ఎనర్జీ మామూలుగా లేదు. ఎల్విస్ గాత్రం అద్భుతం. గిటార్ అదిరిపోయింది. సంగీతప్రియులంతా తప్పక వినాల్సిన రికార్డు." ఇందులో అబద్ధం లేదు. కానీ ఒక్క వాక్యానికైనా రికార్డు వినాల్సిన అవసరం లేదు. అట్ట మీద బొమ్మ చూసి కూడా రాసేయొచ్చు.

దీనికి నాకు తోచే కారణం ఒకటుంది. మనం పాట గురించి మాట్లాడటం నేర్చుకున్నది సినిమా పాటల దగ్గర. ఎవరు రాశారు, ఏ రాగం, చరణంలో ఏ మాట గొప్పగా పడింది అని చూస్తాం. ఆ చూపుతో రాకబిలీ దగ్గరికొస్తే చేతికేమీ దొరకదు. సాహిత్యం చూస్తే బూట్లు, కార్లు, రైళ్ళు, వెళ్ళిపోయిన అమ్మాయి. బాణీ చూస్తే చాలావాటికి అవే మూడు కార్డ్స్ (గిటార్ మీద ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు). ఇక మిగిలేది "ఎనర్జీ" అనే మాటే.

మన కచేరీ చూపు ఇక్కడ బాగా పనికొస్తుంది. కచేరీలో కృతి పాతదే, అందరికీ తెలిసిందే. ఈయన ఎలా ఎత్తుకున్నాడు, ఎక్కడ నిలిపాడు, ఆవిడ పాడినదానికీ దీనికీ తేడా ఏమిటని వింటాం. రాకబిలీ కూడా అంతే. 1954 జూలై 5న అమెరికాలోని మెంఫిస్‌లో, సన్ రికార్డ్స్ యజమాని శామ్ ఫిలిప్స్ స్టూడియోలో ఎల్విస్ పాడిన ‘దట్స్ ఆల్ రైట్’ కొత్త పాటేం కాదు, ఆర్థర్ క్రుడప్ అనే నల్లజాతి బ్లూస్ గాయకుడు 1946లోనే రికార్డు చేశాడు. రికార్డు వెనకవైపున్న ‘బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ’ బిల్ మన్రో పాడిన బ్లూగ్రాస్ పాట, అదీ కంట్రీలో ఒక రకమే. మూడు దెబ్బల వాల్ట్జ్ నడకలో మొదలైన పాటని వీళ్ళు నాలుగు దెబ్బల పరుగులోకి తిప్పారు. ఒకవైపు బ్లూస్, ఒకవైపు కంట్రీ, రెండూ పాతవే. ఆ గదిలో ముగ్గురు మనుషులు వాటిని ఏం చేశారన్నదే కొత్త. మీ రివ్యూ రాయాల్సింది ఆ "ఏం చేశారు" గురించి.

ముగ్గురే అని మర్చిపోకండి. ఎల్విస్ చేతిలో మామూలు గిటార్, స్కాటీ మూర్ చేతిలో ఎలక్ట్రిక్ గిటార్, బిల్ బ్లాక్ దగ్గర మనిషంత ఎత్తు బాస్ (పెద్ద వయొలిన్‌లా ఉండే తీగల వాయిద్యం). డ్రమ్మర్ లేడు. (నాకెందుకో ఎప్పుడూ బుర్రకథ దళం గుర్తొస్తుంది. అక్కడా ముగ్గురే, ఊరంతా వినపడాలి!) డ్రమ్స్ లేవు కాబట్టి దరువు ఎవరో ఒకరు మోయాలి. బిల్ బ్లాక్ బాస్ తీగని లాగి వదిలి, అరచేత్తో కొయ్య మీదికి కొడతాడు. తీగ గుమ్మనడం ఒకటి, కొయ్య టప్పుమనడం ఒకటి. దీన్నే స్లాప్ బాస్ అంటారు. రాకబిలీ అని దేన్ని పిలవాలో తేల్చుకోలేకపోతే ముందు ఈ టప్పు శబ్దం కోసం వెతకండి.

ఇక ఎలా వినాలో చెప్తాను. ఎల్విస్ ‘మిస్టరీ ట్రైన్’ తీసుకోండి. 1955లో సన్ 223వ నంబరు రికార్డు, నిడివి రెండున్నర నిమిషాల లోపే. దాన్ని నాలుగుసార్లు వినండి. మొదటిసారి గొంతు తప్ప ఏదీ వినొద్దు. రెండోసారి బాస్ ఒక్కటే. మూడోసారి స్కాటీ గిటార్. నాలుగోసారి మనుషుల్ని వదిలేసి గది వినండి, అంటే ఎకో ఎలా ఉంది, గొంతు మైకుకి ఎంత దగ్గరగా ఉంది, పాట అయిపోతున్నప్పుడు ఏం వినపడుతోంది. పక్కన కాగితం పెట్టుకుని ఎన్నో సెకనులో ఏం జరిగిందో రాసుకోండి. గొప్ప మాటలొద్దు, "ఇక్కడ గొంతు సన్నబడింది", "ఇక్కడ గిటార్ ఆగి మళ్ళీ అందుకుంది" చాలు. ఈ కాగితం లేకుండా నేను ఇప్పటికీ ఒక్క రివ్యూ మొదలుపెట్టను.

నాలుగోసారి విన్నప్పుడు మీకు దొరికేది స్లాప్‌బ్యాక్ ఎకో. దీని గురించి రెండు ముక్కలు తెలిసి ఉండాలి. ఖాళీ గోడౌన్‌లో కేకేస్తే గుండ్రంగా తిరుగుతూ చాలాసేపు మోగేది కాదిది. ఒక్కసారి వెనక్కి తగిలి అక్కడే ఆగిపోతుంది, అరచేత్తో ఒక చరుపు చరిచినట్టు. శామ్ ఫిలిప్స్ దీన్ని రెండు టేప్ మెషీన్లతో చేసేవాడు. పాటని రెండో మెషీన్లోకి కూడా పంపితే, అది ఒక హెడ్ దగ్గర రికార్డయి పక్క హెడ్ దగ్గరికి చేరేలోపు సెకనులో చిన్న భాగం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యపు శబ్దాన్ని తెచ్చి అసలు శబ్దంలో కలిపేవాడు. ముగ్గురి శబ్దం నలుగురైదుగురి శబ్దంలా వినపడటానికి ఇదొక కారణం. ఎల్విస్‌ని 1955 నవంబరులో 35,000 డాలర్లకి ఆర్‌సీఏ కంపెనీ తీసుకున్నాక ఆ శబ్దాన్ని పట్టుకోవాలని వాళ్ళూ ప్రయత్నించారు. ‘హార్ట్‌బ్రేక్ హోటల్’లో వినపడే ఎకో వేరే రకం, పెద్ద వరండాలో పాడినట్టుంటుంది. రెండూ వరసగా వినండి, తేడా మీకే తెలుస్తుంది. అది పట్టుకున్న రోజున మీకు రివ్యూ రాయడం సగం వచ్చినట్టే.

తర్వాతి పని అసలు రికార్డు వెతకడం. ఇందులో బద్ధకం పనికిరాదు. నా మొదటి రివ్యూలో ‘దట్స్ ఆల్ రైట్’ని ఎల్విస్ సొంత పాటగా రాసి, "పందొమ్మిదేళ్ళ కుర్రాడికి ఇంత గొప్ప రచనా?" అని తెగ ఆశ్చర్యపోయాను. పెద్దాయన ఒకరు చదివి ఏమీ అనకుండా క్రుడప్ పాట ఉన్న క్యాసెట్ పంపించారు. దానికంటే రెండు తిట్టినా బాగుండేది.

‘మిస్టరీ ట్రైన్’ని తవ్వితే ఇంకా దొరుకుతుంది. 1953లో జూనియర్ పార్కర్ అనే నల్లజాతి గాయకుడు ఇదే పాటని ఇదే సన్ కంపెనీకి పాడాడు. అది నెమ్మదిగా నడుస్తుంది, సాక్సోఫోన్ దూరంగా వెళ్తున్న రైలు కూతలా సాగుతుంది. ఎల్విస్ రికార్డులో ఆ నడక లేదు. మరి స్కాటీ వాయించిన ఆ ఉరుకుల గిటార్ ఎక్కడిది? పార్కర్ రికార్డు తిరగేయండి. వెనకవైపు ‘లవ్ మై బేబీ’ అనే పాట ఉంది, ఆ గిటార్ వరస అందులోది. అంటే ఒకే రికార్డుకి ముందువైపు నుంచి పాట, వెనకవైపు నుంచి గిటార్ తీసుకుని మూడోది తయారుచేశారు. ఇంకా వెనక్కి వెళ్తే, రైలుకి పదహారు పెట్టెలన్న మాట 1930లో కార్టర్ ఫ్యామిలీ అనే తెల్లవాళ్ళ కంట్రీ బృందం పాడిన ‘వరీడ్ మ్యాన్ బ్లూస్’లోనే ఉంది. తెల్లవాళ్ళ నుంచి నల్లవాళ్ళకి, మళ్ళీ అక్కడి నుంచి తెల్ల కుర్రాడికి. ఈ మూడు రికార్డులు వినడానికి మీకు పది నిమిషాలు పట్టదు.

ఇప్పుడు మీ నాలుగు వాక్యాల బదులు నేనైతే ఇలా మొదలుపెడతాను:

"జూనియర్ పార్కర్ ‘మిస్టరీ ట్రైన్’లో రైలు వెళ్ళిపోతుంటే పాడేవాడు ప్లాట్‌ఫాం మీద నిలబడి చూస్తుంటాడు. రెండేళ్ళ తర్వాత ఎల్విస్ అదే రైలెక్కి పాడాడు. బాస్ కొయ్య మీద పడే దెబ్బ పట్టాల అతుకుల మీద చక్రాల చప్పుడులా ఉంటుంది, స్కాటీ గిటార్ దానికి అర అడుగు ముందే ఉరుకుతుంది. అమ్మాయిని పోగొట్టుకున్నవాడి పాట ఇది. కానీ చివర్లో శబ్దం తగ్గిపోతుండగా ఎల్విస్ కేక వేసి నవ్వేస్తాడు. ఆ నవ్వు పాటలోది కాదు, గదిలోది."

చూడండి, ఇందులో "అద్భుతం" అన్న మాట లేదు, సంగీతశాస్త్రం మాట ఒక్కటీ లేదు. ఎల్విస్ పేరు తీసి ఇంకొకరి పేరు పెడదామన్నా కుదరదు. నచ్చిందని నేను చెప్పకపోయినా చదివినవాడికి తెలుస్తుంది.

ఆ నవ్వు లాంటివి ఈ సంగీతంలో బోలెడు. మిగతాచోట్ల పొరపాటు అనుకునేది ఇక్కడ ఉంచేస్తారు. 1951లో శామ్ ఫిలిప్స్ స్టూడియోలోనే తయారైన ‘రాకెట్ 88’లో గిటార్ బొంగురుగా గరగరలాడుతుంది. అప్పటికే ఆంప్లిఫయర్ దెబ్బతింది, లోపల కాగితాలు కుక్కి వాయించారు. ఆ గరగర బాగుందని అలాగే ఉంచారు. జీన్ విన్సెంట్ ‘బి-బాప్-ఎ-లూలా’ మధ్యలో ఒక అరుపు వినపడుతుంది. అది గాయకుడిది కాదు, పదిహేనేళ్ళ డ్రమ్మర్ డికీ హ్యారెల్‌ది. రికార్డులో ఉన్నది తనేనని వాళ్ళమ్మకి తెలియాలని అరిచానని తర్వాత చెప్పుకున్నాడు. జానీ క్యాష్ డ్రమ్స్ లేని లోటు తీర్చడానికి గిటార్ తీగల మధ్య కాగితం దూర్చి వాయించేవాడు, ‘ఐ వాక్ ద లైన్’లో ఆ పొడి శబ్దం వినండి. ఇవన్నీ మామూలు చెవికి దొరికేవే. చెవి అటు పెట్టాలంతే.

పోల్చడం ప్రాక్టీస్ చేయాలంటే ‘బ్లూ స్వేడ్ షూస్’ని మించింది లేదు. కార్ల్ పెర్కిన్స్ రాసి, 1955 డిసెంబరులో తనే పాడాడు. 1956లో ఎల్విస్ పాడాడు. పెర్కిన్స్ మొదట్లో అంకెలు లెక్కపెడుతూ ఒక్కో మాట తర్వాత ఆగుతాడు, ఆ ఖాళీలో గిటార్ రెండు దెబ్బలు వేస్తుంది. పల్లెటూరి పెళ్ళిలో కొత్త బూట్లు తొక్కుతారేమోనని నిజంగా భయపడేవాడి పాట. ఎల్విస్ ఆగడు, ఒక్క పరుగున వెళ్ళిపోతాడు. అతనికి బూట్ల గొడవే లేదు, బీరువాలో ఇంకో పది జతలున్నట్టు పాడతాడు. నా ఓటు పెర్కిన్స్‌కే. ఎల్విస్ అభిమానులు ఒప్పుకోరు, ఫర్వాలేదు. మీరు రెండూ విని మీ మాటల్లో ఐదు లైన్లు రాయండి, నా అభిప్రాయం పక్కన పెట్టేయండి.

అన్నట్టు డబ్బు గొడవ. క్రుడప్ 1974లో చనిపోయేదాకా తనకి రావాల్సిన రాయల్టీ కోసం తిరిగి తిరిగి అలసిపోయాడు. చక్ బెరీ ‘మేబెలీన్’ రాస్తే, రచయితల పేర్లలో రేడియోలో పాటలు వేసే డీజే అలన్ ఫ్రీడ్ పేరు కూడా చేరింది. ఫ్రీడ్ ఒక్క మాట రాయలేదు. నల్లజాతి గాయకుడు లిటిల్ రిచర్డ్ న్యూ ఆర్లియన్స్‌లో గొంతు చించుకుని పాడిన ‘టూటీ ఫ్రూటీ’ని తెల్ల గాయకుడు ప్యాట్ బూన్ ఇస్త్రీ చేసి పాడితే పాప్ చార్టులో అదే పైకెక్కింది. ప్రతి రివ్యూలో దీని మీద ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. కానీ అసలు పాడినవాడి పేరు, ఏడాది రాయడం మాత్రం మానకండి. ఒక్క లైనే కదా.

ఏ ప్రతి విన్నారో కూడా రాయాలి. దీనికే నా రెండో పరువు తక్కువ కథ. హైదరాబాద్‌లో ఒక పాత సామాన్ల కొట్లో ఎల్విస్ ఎల్పీ దొరికింది. ఇంటికొచ్చి విని "గొంతు మంచుతెరల వెనకనుంచి వస్తోంది, ఎక్కడో కలలో పాడినట్టుంది" అని పేజీన్నర రాశాను. తీరా చూస్తే అట్ట వెనక సన్న అక్షరాల్లో ఉంది, అది మోనో (శబ్దమంతా ఒకే దారిలో వచ్చే) రికార్డింగ్‌ని స్టీరియోగా (రెండు స్పీకర్లకి విడగొట్టి) మార్చిన ప్రతి. 1960ల్లో స్టీరియో మోజు పెరిగాక చాలా కంపెనీలు పాత మోనో పాటలకి ఈ పని చేశాయి. కిందిశబ్దం (బాస్) ఒకవైపుకి, పైశబ్దం (ట్రెబుల్) ఇంకోవైపుకి తోసి, కాస్త ఎకో కలిపేవాళ్ళు. నేను పొగిడిన మంచుతెరలు ఎల్విస్‌వి కావు, కంపెనీవి. అందుకే 1950ల పాటలు మోనోలోనే వినండి. రివ్యూ మొదట్లోనే ఏ దేశం ముద్రణ, ఏ ఏడాది, మోనోనా కాదా, ఎల్పీనా సీడీనా రాసేయండి. సీడీ అయితే బుస్ మనే శబ్దం తీసేయబోయి పైశబ్దం కూడా తినేశారేమో చూడండి. తాళాల మోత చప్పగా, దుప్పటి కప్పినట్టు వస్తే అనుమానించాల్సిందే. గాయకుడు బడ్డీ హాలీ విషయంలో ఇంకో జాగ్రత్త. 1959 ఫిబ్రవరి 3న విమాన ప్రమాదంలో అతను చనిపోయాక, ఇంట్లో టేపు మీద ఒంటరిగా పాడుకున్నవాటికి వేరేవాళ్ళ వాయిద్యాలు కలిపి విడుదల చేశారు. "ఈ పాటలో బడ్డీ బృందం బాగా వాయించింది" అని రాసేముందు అది ఏ రకమో చూసుకోండి.

వాయించినవాళ్ళ పేర్లు ఆ రోజుల్లో లేబుల్ మీద వేసేవాళ్ళు కాదు. రీఇష్యూల (తర్వాత మళ్ళీ వేసిన ప్రతుల) బుక్‌లెట్లలో, ఏ రోజు ఎవరు వాయించారో రాసిన సెషన్ జాబితాల్లో దొరుకుతాయి. కొన్నిచోట్ల తగువులున్నాయి. జానీ బర్నెట్ బృందం 1956లో చేసిన ‘ద ట్రైన్ కెప్ట్ ఎ-రోలిన్’లో ఆ చిరిగిన గిటార్ శబ్దం బృందంలోని పాల్ బర్లిసన్‌దని చాలాకాలం అనుకున్నాం, కాదు నాష్‌విల్ స్టూడియో వాద్యకారుడు గ్రేడీ మార్టిన్‌దని వాదించేవాళ్ళున్నారు. ఇలాంటప్పుడు ఒక పక్షం తీసుకోకుండా, తగువుందని రాసేయడం మేలు. ఈ రికార్డుని మొదట విన్నప్పుడు నేను "ఎల్విస్‌కి కాపీ" అని కొట్టిపారేశాను. నాలుగైదేళ్ళ తర్వాత మళ్ళీ వింటే, 1951లో టైనీ బ్రాడ్‌షా హాయిగా ఊపుతూ పాడిన పాటని వీళ్ళు ఎంత కసిగా పాడారో అర్థమైంది. పాత రివ్యూ చెరిపేయలేదు. కిందనే తేదీ వేసి "తప్పు రాశాను" అని రాసుకున్నాను.

కలెక్టర్ల గోలలో పడకండి. దొరకని రికార్డు గొప్పదనే జబ్బు ఈ రంగంలో బాగా ఉంది. ఊరూపేరూ లేని కంపెనీ రెండు మూడు వందల ప్రతులు వేసిన సింగిల్స్ చాలావరకు మామూలువే, అందుకే అప్పట్లో కొనలేదు. ధర గురించి కావాలంటే వేరే రాసుకోండి, రివ్యూలో కలపకండి.

కొత్త బృందాల గురించీ అడిగారు. జుట్టు దువ్వుడు, బూట్లు, పచ్చబొట్లు, పాత కారు ముందు ఫొటో, ఇవన్నీ పక్కన పెట్టి రికార్డు పెట్టండి. స్ట్రే క్యాట్స్ న్యూయార్క్ వైపు కుర్రాళ్ళు, 1980లో లండన్ వెళ్ళి అక్కడ పేరు తెచ్చుకున్నారు. వాళ్ళ డ్రమ్మర్ స్లిమ్ జిమ్ ఫాంటమ్ నిలబడి, రెండు మూడు డ్రమ్స్‌తోనే లాగించేవాడు. వేషం చూసి వాళ్ళని తీసిపారేసినవాళ్ళు బ్రయన్ సెట్జర్ గిటార్ సరిగ్గా వినలేదు. 1956 రాకబిలీలో అరుదుగా వినపడే జాజ్ కార్డ్స్ అతను మధ్యలో జొప్పిస్తాడు. కొత్తవాళ్ళని చూడాల్సిందల్లా అదే, పాతదాన్ని దించేశారా, ఏమన్నా చేర్చారా. అచ్చు దించినవి ఒకసారి వినడానికి బాగుంటాయి, రెండోసారి అసలుదే వినాలనిపిస్తుంది.

ఇక మార్కులు. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ అన్నిటికీ ఐదుకి ఐదు ఇస్తే ఆ అంకెకి విలువ పోతుంది. నా పద్ధతి మోటుది: నెల తర్వాత ఎవరూ అడక్కుండా ఆ రికార్డు మళ్ళీ పెట్టానా లేదా. జెర్రీ లీ 1964లో హాంబర్గ్ స్టార్ క్లబ్‌లో చేసిన లైవ్ రికార్డు తీసుకోండి. వెనక వాయించే నాష్‌విల్ టీన్స్ అనే బృందం కుర్రాళ్ళు అక్కడక్కడా అతన్ని అందుకోలేక వెనకబడతారు, పియానో పగిలిపోతుందేమో అనిపిస్తుంది, జనం పేరు పెట్టి అరుస్తుంటారు. లోపాలన్నీ రాస్తాను, రాసి ఐదుకి ఐదు ఇస్తాను, ఎందుకంటే ఇరవై ఏళ్ళలో దాన్ని పెట్టని నెల లేదు. జీన్ విన్సెంట్ నెమ్మది పాటలు మాత్రం నాకు ఎక్కవు. తప్పు ఆయనదో నాదో తేలలేదు, అదే ముక్క రివ్యూల్లోనూ రాస్తుంటాను.

ముందు పార్కర్‌ది వినండి, తర్వాత దాని వెనకవైపు, ఆఖర్న ఎల్విస్. ఎకో అంతు చిక్కకపోతే హెడ్‌ఫోన్స్ తీసేసి చిన్న స్పీకర్లో, పక్క గదిలోంచి వినండి. ఈ రికార్డులు కారు రేడియోల కోసం, హోటళ్ళలో జ్యూక్‌బాక్సుల (నాణెం వేస్తే పాట వేసే పెట్టెల) కోసం తయారైనవి. పక్క గదిలోంచి విన్నప్పుడే బిల్ బ్లాక్ దెబ్బ నాకు మొదటిసారి విడిగా తెలిసింది.